పాత మోటారుసైకిలు – కొత్త చేతులు

ఇల్లందు సమీపంలో బొగ్గు నిక్షేపాలు ఉన్నాయని 1871లో డాక్టర్ విలియం కింగ్ గుర్తించారు. 1889లో అక్కడ తవ్వకం మొదలైంది. 1920లో ఆ సంస్థకు ‘సింగరేణి కాలరీస్ కంపెనీ’ అనే పేరు స్థిరపడింది. గోదావరి లోయ వెంట గనులు క్రమంగా విస్తరించాయి. 1960 దశకం నుంచి రామగుండం ప్రాంతంలో గోదావరిఖని ఒక పెద్ద గని పట్టణంగా ఎదిగింది. గనులతో పాటు కార్మికుల క్వార్టర్లు, క్వార్టర్లతో పాటు కాలనీలు వెలిశాయి. మొదట్లో కార్మికులు కాలినడకన, సైకిళ్ల మీద బాయికి వెళ్లేవారు. అనంతరం కొందరి ఇళ్ల ముందు మోటారుసైకిళ్లు నిలిచాయి. నెలనెలా జీతంలో కొంత మిగిల్చి కొన్న బండి ఆ ఇంటికి కేవలం వాహనం కాదు. అది కుటుంబ కష్టార్జితానికి గుర్తు.

ఉద్యోగ విరమణ చేసిన కార్మికుడు కంపెనీ క్వార్టరును ఖాళీ చేయవలసి ఉంటుంది. సామాను సర్దుకునే ఆ రోజుల్లో వెనుక వరండాలో గోనెపట్టాల కింద ఉన్న పాత బండి బయటపడుతుంది. దాని చక్రాల్లో గాలి ఉండదు. ట్యాంకు మూత తెరిస్తే పుల్లని వాసన వస్తుంది. పాత ఇనుము కొనే వ్యాపారి దానిని తూకం వేసి ధర చెప్పడానికి సిద్ధంగా ఉంటాడు. ఇంట్లో చదువుకుంటున్న పిల్లలకు మాత్రం దానిని మళ్లీ నడిపించాలన్న కోరిక కలుగుతుంది. ఆ కోరిక మంచిదే. అయితే యంత్రం గురించి ఏమీ తెలియని వారు దానిని ఎక్కడ మొదలుపెట్టాలి? ఏ క్రమంలో సాగించాలి? ఎక్కడ ఆగాలి? ఈ ప్రశ్నలకు సమాధానం తెలిస్తే ఆ పని ఒక చక్కని శాస్త్రపాఠం అవుతుంది. తెలియకపోతే ఏళ్ల తరబడి తుప్పు చేయలేని నష్టాన్ని ఒక గంట తొందరపాటు చేస్తుంది.

నాటి బండ్లు

1970, 80 దశకాల్లో తెలుగు పట్టణాల్లో ప్రధానంగా మూడు రకాల మోటారుసైకిళ్లు కనిపించేవి. మొదటిది బుల్లెట్. దీనిని మన దేశంలో తయారు చేయడానికి 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా సంస్థ ఏర్పడింది. రెండవది పోలెండు దేశపు నమూనా ఆధారంగా ఎస్కార్ట్స్ సంస్థ తయారుచేసిన రాజ్‌దూత్. మూడవది మైసూరులోని ఐడియల్ జావా కర్మాగారం నుంచి వచ్చిన జావా. ‘జావా’ చెకోస్లొవేకియాలో పుట్టిన పేరు. ఫ్రాంతిషెక్ యానెచెక్ అనే పారిశ్రామికవేత్త 1929లో తన ఇంటిపేరులోని మొదటి అక్షరాలను, ‘వాండరర్’ అనే జర్మన్ సంస్థ పేరులోని మొదటి అక్షరాలను కలిపి ఆ పేరు పెట్టాడు. మైసూరు బండ్లకు 1970 దశకంలో ‘యెజ్డి’ అనే కొత్త పేరు వచ్చింది. ఆ కర్మాగారం 1996లో మూతపడింది. మరొక సంస్థ చేతుల్లో జావా పేరు 2018లోను, యెజ్డి పేరు 2022లోను తిరిగి మార్కెట్లోకి వచ్చినప్పటికీ ఆ కొత్త బండ్లు, పాత బండ్లు ఒకటి కావు.

బుల్లెట్టుది నాలుగు స్ట్రోకుల ఇంజిను. రాజ్‌దూత్, జావా, యెజ్డి బండ్లవి రెండు స్ట్రోకుల ఇంజిన్లు. ఈ భేదం ప్రారంభంలోనే తెలుసుకోవాలి. నాలుగు స్ట్రోకుల ఇంజినులో క్రాంక్ రెండుసార్లు తిరిగితే ఒకసారి మందుగుండు పేలినట్లు ఇంధనం మండుతుంది. రెండు స్ట్రోకుల ఇంజినులో ప్రతి చుట్టుకూ మండుతుంది. మొదటి దానిలో లోపలి భాగాలను తడిపే నూనె వేరుగా నిలువ ఉంటుంది. ఆ కాలపు రెండవ రకం బండ్లలో పెట్రోలులోనే నూనె కలిపి పోయాలి. ఆ నూనె కలపడం మరచిపోతే ఇంజిను కొద్దిసేపు బాగానే నడిచినట్లు కనిపించి, వేడెక్కి, పిస్టన్ సిలిండరు గోడలకు పట్టుకుపోతుంది. ఇక ముందు చెప్పబోయే క్రమానికి ఉదాహరణగా ఒక పాత యెజ్డి బండిని తీసుకుంటే విషయం సులభంగా బోధపడుతుంది.

ఆగి ఉన్న బండిలో జరిగే మార్పులు

నడిచే బండి అరిగిపోతుంది. నిలిచిన బండి మరో విధంగా చెడిపోతుంది. పెట్రోలు ఒకే పదార్థం కాదు. అనేక హైడ్రోకార్బన్ల మిశ్రమం. వాటిలో తేలికగా ఆవిరయ్యేవి ముందుగా ఎగిరిపోతాయి. మిగిలినవి గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి జిగురుగా మారుతాయి. ఇంజినుకు పెట్రోలును, గాలిని తగు పాళ్లలో కలిపి అందించే భాగం కార్బురేటర్. అందులో పెట్రోలు ప్రవహించే ఇత్తడి జెట్ల రంధ్రాలు ఒక మిల్లీమీటరు కంటే సన్నగా కూడా ఉంటాయి. ఆ జిగురు వాటిని పూడ్చివేస్తుంది.

ట్యాంకులో ఖాళీ ఉన్నచోట తేమగల గాలి చేరుతుంది. రాత్రి చల్లబడినప్పుడు ఆ తేమ నీటిబొట్లుగా మారి ఇనుమును తుప్పు పట్టిస్తుంది. సిలిండరులో పిస్టన్ చుట్టూ ఉన్న రింగులు కూడా అదే విధంగా గోడలకు అతుక్కుపోవచ్చు. రామగుండం ఎండలు తీవ్రమైనవి. ఆ వేడికి రబ్బరు గొట్టాలు, ఆయిల్ సీళ్లు, టైర్లు గట్టిపడి పగుళ్లు తీస్తాయి. విద్యుత్ ప్రవాహాన్ని తెంపి కలిపే పాయింట్ల మీద, మెకానిక్కులు ‘ప్లాటినం’ అని పిలిచే ఆ చిన్న లోహపు మొనల మీద, తుప్పు పొర ఏర్పడుతుంది. బ్యాటరీ పూర్తిగా పనికిరాకుండా పోతుంది.

బొగ్గు ప్రాంతంలో మరొక సమస్య ధూళి. బొగ్గు ధూళి మెత్తనిది. ఓపెన్‌కాస్టు గనుల్లో బొగ్గు పైనున్న ఇసుకరాతి పొరలను తొలగించేటప్పుడు లేచే ధూళి అలాంటిది కాదు. అందులో క్వార్ట్జ్ కణాలు ఉంటాయి. అవి ఇంజిను ఇనుము కంటే గట్టివి. బండి మీద పేరుకున్న ఆ ధూళి ప్లగ్ విప్పినప్పుడు సిలిండరులో పడితే గోడల మీద గీతలు పడతాయి. కనుక దేనినైనా విప్పక ముందు పైభాగాన్ని కిరోసిన్‌తో, కుంచెతో శుభ్రం చేసి తుడవడం తొలి నియమం.

బాయి నేర్పిన క్రమం

పాత బండి కంటపడగానే కొత్తవారు చేసే మొదటి పని దాని మీదికెక్కి కిక్ కొట్టడం. అదే మొదటి తప్పు. అతుక్కుపోయిన పిస్టన్‌ను కాలి బలంతో కదిలిస్తే రింగు విరగవచ్చు. పాత యెజ్డిలో కిక్‌కు, గేరుకు ఒకటే రాడ్. దాని మీద అధిక బలం పడితే లోపలి పళ్లు దెబ్బతినవచ్చు. తుప్పు పట్టిన ట్యాంకులోని ముక్కలు కార్బురేటర్లోకి చేరవచ్చు.

ఈ విషయంలో గని కార్మికుడికి బోధించవలసిన అవసరం లేదు. భూగర్భ గనిలో షిఫ్టు మొదలయ్యే ముందు పనిస్థలాన్ని మైనింగ్ సర్దార్ పరీక్షిస్తాడు. పైకప్పును కర్రతో తట్టి శబ్దం వింటాడు. గట్టిగా మోగితే ఒక అర్థం, బోలుగా మోగితే మరొక అర్థం. మీథేన్ వాయువు ఉందేమో చూస్తాడు. స్థలం క్షేమమని తేలిన తరువాతనే పని మొదలవుతుంది. ‘ముందుగాల చూడు బిడ్డా, తర్వాత చెయ్యి పెట్టు’ అని ఇంట్లో బాపు చెప్పే మాట ఆ అలవాటు నుంచి వచ్చినదే. పాత బండి విషయంలో కూడా అదే వరస: చూడటం, వినడం, పరీక్షించడం, ఆ తరువాతనే బలం ఉపయోగించడం.

కావలసిన పరికరాలు ఎక్కువేమీ కావు. సరైన కొలతల పానాలు, స్క్రూడ్రైవర్లు, ప్లగ్ పానా, సందులను కొలిచే ఫీలర్ గేజ్, సన్నని ఎమరీ కాగితం, కొన్ని డబ్బాలు చాలు. వీటితో పాటు ఒక నోటుపుస్తకం తప్పనిసరి. విప్పే ప్రతి భాగాన్ని ముందుగా ఫొటో తీసి, విప్పిన వరసలోనే డబ్బాల్లో ఉంచి, వాటిపై అంకెలు వేయాలి. తిరిగి బిగించే రోజున జ్ఞాపకశక్తి మోసం చేయవచ్చు. రాసుకున్నది మోసం చేయదు.

అగ్నిప్రమాదం గురించిన హెచ్చరిక

గనిలోకి బీడీలు, అగ్గిపెట్టెలు తీసుకుపోకూడదు. దానికి కారణం మీథేన్. గాలిలో అది సుమారు 5 నుంచి 15 శాతం వరకు ఉన్నప్పుడు నిప్పు తగిలితే పేలుతుంది. పూర్వం గనుల్లో మామూలు దీపాలే ఈ ప్రమాదాలకు కారణమయ్యేవి. 1815లో హంఫ్రీ డేవీ తయారుచేసిన రక్షణ దీపం ఆ ముప్పును తగ్గించింది. పెట్రోలు ఆవిరి అంతకంటే తక్కువ మోతాదులోనే ప్రమాదకరం. గాలిలో అది సుమారు ఒకటిన్నర శాతం ఉన్నా నిప్పంటుకుంటుంది.

ఈ రెండింటి మధ్య ఒక ముఖ్యమైన తేడా ఉంది. మీథేన్ గాలి కంటే తేలిక. అందువల్ల పైకప్పు కింద చేరుతుంది. పెట్రోలు ఆవిరి గాలి కంటే మూడు నాలుగు రెట్లు బరువు. అందువల్ల నేల మీద పాకుతుంది. వరండాలో ట్యాంకు ఖాళీ చేస్తుంటే ఆ ఆవిరి గడప దాటి వంటగదిలోని పొయ్యి వరకు చేరగలదు. అందువల్ల పాత పెట్రోలును ఆరుబయట, పగటివేళ, మంటకు దూరంగా మాత్రమే తీయాలి. దానిని మోరీలో పారబోయరాదు. మూత గట్టిగా బిగించిన డబ్బాలో ఉంచి, వాడిన నూనెలు సేకరించే వర్క్‌షాపుకు అప్పగించాలి.

ఇంజినుకు మూడు ప్రశ్నలు

ఇంజిను నడవాలంటే మూడు అంశాలు సమకూడాలి: సిలిండరులో తగిన ఒత్తిడి, సరైన సమయానికి నిప్పురవ్వ, తగు పాళ్లలో పెట్రోలు–గాలి మిశ్రమం. బండి స్టార్ట్ కాకపోతే లోపం ఈ మూడింటిలో ఒకదానిలో ఉండి తీరుతుంది. కొత్తవారు ఒకేసారి మూడింటినీ సవరించబోయి ఏది లోపమో తెలియక తికమకపడతారు. ఒక్కొక్క ప్రశ్న వేసి, ఒక్కొక్క సమాధానం రాబట్టడమే శాస్త్రీయ పద్ధతి.

మొదటి ప్రశ్న: ఇంజిను తిరుగుతున్నదా? స్పార్క్ ప్లగ్ విప్పి, ఆ రంధ్రంలో డీజిలు, ఇంజిన్ ఆయిలు కలిపిన మిశ్రమాన్ని రెండు మూడు చెంచాలు పోయాలి. ఒక రాత్రి, అవసరమైతే నాలుగైదు రోజులు, అలాగే వదిలివేయాలి. తరువాత బండిని సెంటర్ స్టాండు మీద నిలిపి, పై గేరులో వేసి, వెనుక చక్రాన్ని చేత్తో ముందుకు, వెనక్కు మెల్లగా ఊపాలి. కదిలితే సంతోషం. కదలకపోతే మళ్లీ నూనె పోసి వేచి ఉండాలి. ఎన్ని రోజులకూ కదలకపోతే సిలిండరు హెడ్ విప్పవలసి ఉంటుంది. ఆ పనిని అనుభవజ్ఞుడైన మెకానిక్కు పక్కన ఉండగా చేయడం మేలు. ఇంజిను స్వేచ్ఛగా తిరిగిన తరువాత ప్లగ్ రంధ్రాన్ని బొటనవేలితో మూసి కిక్‌ను చేత్తో మెల్లగా నొక్కితే, లోపలి ఒత్తిడి వేలిని పైకి నెట్టాలి. అలా నెడితే రింగులు కొంతవరకు పనిచేస్తున్నట్లే.

రెండవ ప్రశ్న: నిప్పురవ్వ వస్తున్నదా? ఆ కాలపు యెజ్డి బండ్లలో చాలావాటిది ఆరు వోల్టుల విద్యుత్ వ్యవస్థ. బ్యాటరీ చచ్చిపోతే రవ్వ రాదు. ఈ సంగతి తెలియక కాయిల్, కండెన్సర్ అన్నీ మార్చి డబ్బు పోగొట్టుకునేవారు ఉంటారు. కనుక ముందుగా మంచి బ్యాటరీని కలపాలి. పాయింట్ల మొనలను ఎమరీతో తేలికగా రుద్ది, కాగితంతో తుడవాలి. అవి పూర్తిగా తెరుచుకున్నప్పుడు ఉండవలసిన సందు సాధారణంగా 0.4 మిల్లీమీటర్లు. ఆయా మోడలు పుస్తకంలో వేరే కొలత ఉంటే దానినే పాటించాలి. ప్లగ్‌ను దాని వైరుకు తగిలించి, ప్లగ్ రంధ్రానికి దూరంగా ఇంజిను లోహానికి ఆనించి కిక్ కొడితే నీలిరంగు రవ్వ కనిపించాలి. రంధ్రానికి దగ్గరగా ఉంచితే లోపలి ఆవిరికి నిప్పంటుకోవచ్చు. రవ్వ ఎర్రగా, బలహీనంగా ఉంటే వైర్ల కలయికలను, కండెన్సర్‌ను పరీక్షించాలి.

మూడవ ప్రశ్న: తగిన మిశ్రమం అందుతున్నదా? ట్యాంకులోని తుప్పును తొలగించడానికి వెనిగర్ పోసి ఒక రోజు ఉంచడం ఇంట్లో చేయదగిన పద్ధతి. వెనిగర్‌లోని ఎసిటిక్ ఆమ్లం తుప్పును కరిగిస్తుంది. తరువాత తినే సోడా కలిపిన నీటితో కడిగి ఆమ్లాన్ని తటస్థీకరించాలి. మంచినీటితో కడిగి, ఎండలో పూర్తిగా ఆరబెట్టి, వెంటనే లోపల పలుచగా నూనె పట్టించాలి. ఆలస్యం చేస్తే శుభ్రమైన ఇనుము గంటల్లోనే మళ్లీ తుప్పు పడుతుంది. కార్బురేటర్ జెట్లను గాలి ఒత్తిడితో గాని, మెత్తని రాగి తీగతో గాని శుభ్రం చేయాలి. ఉక్కు సూదిని వాడితే ఇత్తడి రంధ్రం పెద్దదవుతుంది. అప్పుడు పెట్రోలు పాళ్లు శాశ్వతంగా మారిపోతాయి. పెట్రోలు గొట్టాన్ని మార్చి, మధ్యలో చిన్న ఫిల్టరు అమర్చాలి.

నేడు బంకుల్లో లభించే పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాల్ కలుస్తున్నది. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కొన్ని పాతకాలపు రబ్బరు భాగాలను పాడుచేస్తుంది. అందువల్ల దానిని తట్టుకునే కొత్త రకం గొట్టాలను ఎంచుకోవాలి. నడపని బండి ట్యాంకులో పెట్రోలును నెలల తరబడి ఉంచరాదు. పెట్రోలులో కలపవలసిన రెండు స్ట్రోకుల నూనె పాళ్లు మోడలును బట్టి మారుతాయి. 25 పాళ్ల పెట్రోలుకు ఒక పాలు నూనె అని పుస్తకంలో ఉంటే లీటరుకు 40 మిల్లీలీటర్లు కలపాలి. ఈ లెక్కను కాగితం మీద రాసి ట్యాంకు మూత దగ్గర అంటించుకోవడం మంచిది.

స్టార్ట్ కావడమే గెలుపు కాదు

మూడు ప్రశ్నలకు సరైన సమాధానాలు లభించిన నాడు ఇంజిను తప్పక పలుకుతుంది. మొదట రెండు మూడు దగ్గులు, తెల్లని పొగ, ఆ తరువాత యెజ్డికి విశిష్టమైన ఆ లయ వినిపిస్తాయి. ఈ ఘట్టం ఆరుబయటే జరగాలి. సైలెన్సర్ నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. పూర్వం విదేశీ గనుల్లో ఆ విషవాయువును పసిగట్టడానికి కానరీ పక్షులను పంజరాల్లో తీసుకుపోయేవారు. మూసిన గదిలో ఇంజిను నడపడమంటే ఆ ముప్పును ఇంట్లోకి ఆహ్వానించడమే.

ఒకటి రెండు నిమిషాలు నడిపి ఆపివేయాలి. ఎక్కడైనా పెట్రోలు కారుతున్నదా, పొగ తగ్గుతున్నదా, శబ్దంలో మార్పు ఉన్నదా అని చూడాలి. కొత్తవారు ఎక్కువగా మోసపోయేది ఇక్కడే. రెండు స్ట్రోకుల ఇంజినులో క్రాంక్ ఉండే గది గాలి చొరబడకుండా ఉండాలి. ఆ పని చేసేవి ఇరువైపుల ఉన్న రబ్బరు ఆయిల్ సీళ్లు. ఏళ్లుగా ఎండిన సీలు గట్టిపడి ఉంటుంది. బండి స్టార్ట్ అవుతుంది. కొంతదూరం నడుస్తుంది కూడా. ఒకవైపు సీలు నుంచి బయటి గాలి లోపలికి చేరి మిశ్రమంలో పెట్రోలు పాలు తగ్గుతుంది. ఇంజిను అతిగా వేడెక్కి రోడ్డు మధ్యలో పిస్టన్ పట్టుకుపోతుంది. వెనుక చక్రం ఒక్కసారిగా ఆగిపోతుంది. మరొకవైపు సీలు చెడితే గేరుబాక్సులోని నూనె ఇంజినులోకి పోయి ఆగని తెల్లపొగ వస్తుంది. ఇంజిను దానంతటదే వేగం పెంచుకున్నా, పొగ తగ్గకపోయినా సీళ్లు మార్చే వరకు బండిని కదిలించరాదు.

నడవడం కంటే ఆగడం ముఖ్యం. బ్రేకు డ్రమ్ములను విప్పి బ్రేకు షూలను పరీక్షించాలి. పాతకాలపు షూలలో ఆస్‌బెస్టాస్ ఉండవచ్చు. దాని ధూళి ఊపిరితిత్తులకు హానికరం. గాలి కొట్టి దులపకుండా తడిబట్టతో తుడవాలి. ధూళి మనిషి ఊపిరితిత్తులను ఏమి చేస్తుందో బొగ్గు ప్రాంతపు కుటుంబాలకు వివరించనక్కరలేదు. క్లచ్, బ్రేకు, యాక్సిలరేటర్ వైర్లను కొత్తవి వేయాలి. టైరు పక్కగోడ మీద నాలుగు అంకెలు ఉంటాయి. 2000వ సంవత్సరం నుంచి తయారైన టైర్ల మీద మొదటి రెండు అంకెలు వారాన్ని, చివరి రెండు సంవత్సరాన్ని తెలుపుతాయి. ‘2318’ అని ఉంటే అది 2018వ సంవత్సరం 23వ వారంలో తయారైనదని అర్థం. పగుళ్లు తీసిన టైరును, దాని గాళ్లు ఎంత లోతుగా ఉన్నా, నమ్మరాదు.

ఎంత మార్చాలి? ఎంత ఉంచాలి?

భాగాలు మారుస్తూ పోతే చివరకు మిగిలేది పాత బండేనా అన్న సందేహం సహజం. రామగుండంలోనే దీనికి ఒక పోలిక ఉంది. బొగ్గు ఆధారంగా నడిచిన ఎరువుల కర్మాగారం 1999లో మూతపడింది. అదే స్థలంలో 2021లో యూరియా ఉత్పత్తి మళ్లీ మొదలైంది. కానీ పాత యంత్రాలను మేల్కొలపలేదు. సహజవాయువుతో నడిచే కొత్త కర్మాగారాన్ని నిర్మించారు. కర్మాగారానికి అది సరైన మార్గం; దాని ప్రయోజనం ఉత్పత్తి. తండ్రి బండి విషయంలో ప్రయోజనం వేరు. భద్రతకు సంబంధించిన రబ్బరు, వైర్లు, బ్రేకులు కొత్తవి కావాలి. రంగు వెలసిన ట్యాంకు, హ్యాండిల్ మీద చేతుల ఒరిపిడికి ఏర్పడిన నునుపు ఉండనివ్వవచ్చు. మెరుపు కోసం వాటిని తీసివేస్తే తిరిగి రావు.

చట్టం కూడా మూలరూపానికి విలువ ఇస్తున్నది. 2021లో కేంద్ర ప్రభుత్వం చేసిన నిబంధనల ప్రకారం తొలి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, మూలరూపంలో ఉండి, చాసిస్, బాడీ, ఇంజినులలో గణనీయమైన మార్పులు జరగని వాహనాన్ని ‘వింటేజ్’ వాహనంగా నమోదు చేయించుకోవచ్చు. అలా నమోదైన వాటిని ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతుల వంటి పరిమిత అవసరాలకు తప్ప రోజువారీ ప్రయాణాలకు వాడరాదు. 1980 దశకపు బండి ఇంకా ఆ వయసుకు చేరలేదు కనుక దానికి సాధారణ నియమాలే వర్తిస్తాయి. సొంత వాహనపు రిజిస్ట్రేషన్ 15 ఏళ్ల వరకు చెల్లుతుంది. తరువాత తనిఖీ చేయించి, ఒక్కొక్కసారి ఐదేళ్ల చొప్పున పొడిగించుకోవాలి. పాత కరీంనగర్ జిల్లా ‘ఏపీ 15’ నంబరుతో ఉన్న ఎన్నో బండ్ల గడువు ఎప్పుడో ముగిసి ఉంటుంది. ఇంజిను, చాసిస్ నంబర్లు రిజిస్ట్రేషన్ పత్రంలోని వాటితో సరిపోవాలి. యజమాని మరణించి ఉంటే వారసుల పేరిట బదిలీ చేయించాలి. మూడవ పక్షపు బీమా, కాలుష్య నియంత్రణ ధ్రువపత్రం లేనిదే రోడ్డెక్కరాదు. కాబట్టి డబ్బు ఖర్చు పెట్టక ముందే పత్రాలను వెదకడం వివేకం.

అన్ని బండ్లూ లేస్తాయని చెప్పలేము. చాసిస్ తుప్పుకు తూట్లు పడినా, క్రాంక్ కేసు పగిలినా, పత్రాలు ఏ విధంగానూ దొరకకపోయినా పని నిలిపివేయడమే సరైన నిర్ణయం కావచ్చు. దానిని ఓటమి అనుకోనవసరం లేదు. పైకప్పు బోలుగా మోగినప్పుడు వెనక్కు రమ్మని చెప్పే సర్దార్ పిరికివాడు కాడు. తన పని తెలిసినవాడు. ఆ బండిలోని మంచి భాగాలు మరొక బండికి ప్రాణం పోస్తాయి. మూతపడిన కర్మాగారపు బండ్లు నేటికీ రోడ్ల మీద తిరుగుతున్నాయంటే ఇలా భాగాలను, అనుభవాన్ని పంచుకునే వారే కారణం. ఏటా జూలై రెండవ ఆదివారం దేశంలోని పలు నగరాల్లో జావా, యెజ్డి అభిమానులు తమ పాత బండ్లతో ఒకచోట చేరుతుంటారు.

క్వార్టరు ఖాళీ చేసే రోజుకు బండి సిద్ధమైనా, పత్రాలు సిద్ధం కాకపోవచ్చు. అప్పుడు దానిని లారీ మీద సామానుతో పాటే తరలించాలి, తొందరపడి రోడ్డెక్కించరాదు. అయినా అది ఇనుము తూకానికి పోవడం లేదు. దానిని లేపిన కుర్రవాడికి ఏ భాగం ఎందుకు ఉందో, ఏది ఎందుకు చెడిందో తెలుసు. ఆ తండ్రి ఇన్నేళ్లు షిఫ్టుకు ముందు ప్రతిదినం పాటించిన నిదానం ఏమిటో కూడా ఆ పనిలోనే అతనికి తెలిసివస్తుంది. తరాల మధ్య చెప్పుకోలేని మాటలు కొన్ని ఉంటాయి. ఒకరు పానా అందిస్తుంటే మరొకరు బిగించే సాయంత్రాల్లో అవి వాటంతట అవే చేరవలసిన చోటికి చేరుతాయి.